దీపం పట్టుకున్న చెయ్యి

ఈసారి మన ఊరి కరెంటు కథ, దాంతోపాటు ఒక నడుంనొప్పి కథ.

బెంగళూరులో మొదటి కరెంటు వీధిదీపం 1905 ఆగస్టు 5న సిటీ మార్కెట్ దగ్గర వెలిగింది. ఆసియాలోనే మొదటిదని మనం గొప్పగా చెప్పుకుంటాం. కలకత్తాలో 1899కే కరెంటు సరఫరా మొదలైంది కాబట్టి బెంగాలీ మిత్రుల ముందు ఈ మాట అనకపోవడమే మేలు.

అసలు ఆ కరెంటు ముందు వచ్చింది మన ఊరికి కాదు. దివాన్ శేషాద్రి అయ్యర్ తలపెట్టిన శివనసముద్రం జలవిద్యుత్తును 1902 జూన్‌లో సుమారు 148 కిలోమీటర్లు తీగ లాగి కోలారు బంగారు గనులకు ఇచ్చారు. తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ చెమటోడ్చిన గనులవి. ముందు బంగారానికి, తర్వాత బజారుకి, ఆపైన ఇళ్లకి. ఇంట్లోనైనా మంచి లైట్లన్నీ హాల్లోనే. మంచం పట్టిన పెద్దాయన గదిలో ఇప్పటికీ జీరో బల్బే.

రోగి పక్కన దీపం అనగానే ఫ్లారెన్స్ నైటింగేల్ గుర్తొస్తుంది. క్రిమియా యుద్ధకాలంలో, స్కుటారి ఆసుపత్రిలో రాత్రిళ్లు ఆమె పట్టుకు తిరిగింది బొమ్మల్లో వేసే అల్లావుద్దీన్ దీపం కాదు, మడతపడే టర్కీ లాంతరు. తర్వాత నర్సింగ్ మీద రాసిన పుస్తకంలో వెలుతురుకు ఒక అధ్యాయమే కేటాయించింది. రోగికి మంచి గాలి తర్వాత కావాల్సింది వెలుతురేనంది. అదంతా రోగి కోసం. నాకు మాత్రం ఆ బొమ్మలో దీపానికి పోయిన చెయ్యే కనిపిస్తుంది. మనిషిని పక్కకు తిప్పడానికి మిగిలింది ఒక్క చెయ్యి.

ఇప్పుడు లాంతరు పోయి సెల్‌ఫోన్ టార్చి వచ్చింది. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి మన అపార్ట్‌మెంట్లలో పెద్దవాళ్లను చూసుకునే ఆయమ్మలను గమనించండి. ఆయమ్మ లేని ఇంట్లో కోడలో కూతురో. అర్ధరాత్రి డైపర్ మార్చాలి, పుండు చూడాలి, ఇన్సులిన్ సిరంజి మీద సన్నటి గీతలు చదవాలి. పెద్దాయన నిద్ర చెడుతుందని లైటు వెయ్యరు. ఫోను గడ్డం కింద ఇరికించుకుని పని కానిస్తారు.

వెలుతురు చాలకపోతే కన్ను వస్తువు దగ్గరికి పోతుంది, కంటి వెనకే మెడ, మెడ వెనకే నడుం. తల బరువు సుమారు 5 కిలోలు. ముందుకు వంగేకొద్దీ ఆ భారం మెడ కండరాల మీద అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. నలభై దాటి చత్వారం వచ్చినవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

లైటు వేసినా తిప్పలే. ట్యూబులైటు ఒక గోడకు, మంచం ఎదుటి గోడకు ఆనించి ఉంటుంది. ఒకవైపు నుంచే నిలబడాలి. వీపుకి వెలుతురు, చేతుల మీద తన నీడే. నీడ తప్పించుకోవడానికి నడుం మెలితిప్పి వంగుతుంది. ఉత్తినే వంగడం కంటే మెలితిరిగి వంగి బరువెత్తడం వెన్నుకు ఎక్కువ చేటు. దాన్ని మనం "వయసు మీద పడింది కదమ్మా" అని తేల్చేస్తాం.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 17వ సెక్షన్ పనిచోట చాలినంత వెలుతురు ఉండాలని చెప్పి ఊరుకోలేదు, కళ్లకు శ్రమ కలిగించే నీడలు పడకుండా చూడాలని కూడా రాసింది. పీణ్యలో మిషను ముందు నిలబడ్డ కార్మికుడికి ఆ మాట దక్కింది. ఇల్లు ఫ్యాక్టరీ కాదు కాబట్టి ఆయమ్మకు దక్కలేదు.

ఖర్చు పెద్దదేం కాదు. మంచాన్ని గోడ నుంచి మనిషి పట్టేంత జరపండి. మెడ వంచుకునే క్లిప్ లైటు ఒకటి మంచం చట్రానికి, పనిచేసే మనిషికి ఎదుటివైపు, పెద్దాయన కళ్లలో పడకుండా కిందికి తిప్పి బిగించండి. స్విచ్ ఆయమ్మ చేతికి అందేచోట ఉండాలి. ఈ రాత్రి ఆ గదిలో మంచం మీదికి మీరే ఒకసారి వంగి, మీ నీడ ఎక్కడ పడుతోందో చూసి ఇక్కడ రాయండి.