పొదుగుకోడియు పొదుగుయంత్రమును: చిక్కబళ్ళాపుర సీమ పెరటికోళ్ళ చరిత్ర

చిక్కబళ్ళాపుర సీమ చరిత్ర యనగానే నందిదుర్గము, ఆవతి వంశపు పాళెగాండ్రు, బాగేపల్లి చేరువనున్న గుమ్మనాయకనపాళ్యపు కోట మనకు స్ఫురించును. చెరువులను గూర్చియు, శిడ్లఘట్ట పట్టుగూళ్ళ సంతను గూర్చియు ముచ్చటించుకొనువారు కలరు. తెల్లవారుజామున ప్రతి పల్లెను మేలుకొలుపు కోడికి మాత్రము చరిత్రలో చోటు మిక్కిలి తక్కువ. అది చిన్నప్రాణి, దాని లెక్కలు ఇల్లాలి కొంగుముడిలో ఉండునవే గాని కరణముల చిట్టాలలో ఉండునవి కావు.

ఈ వ్యాసమున విచారింపదలచిన ప్రశ్న ఒక్కటే. పెరటిలోని కోళ్ళ సంతతిని మరియొక తరమునకు దాటించు శక్తి ఎవరి చేతిలో ఉన్నది? పూర్వ మది ఇంటి పెట్టయొద్దను, దానిని సాకు ఇల్లాలియొద్దను ఉండెను. గడచిన అరువది డెబ్బది ఏండ్లలో అందు పెద్దభాగము యంత్రశాలకు తరలినది. ఈ తరలింపువలన మనకు లభించిన దేమి, చేజారుచున్న దేమి యని లెక్క చూచుకొనుట యుక్తము.

చిక్కబళ్ళాపుర జిల్లా 2007వ సంవత్సరమున కోలారు జిల్లానుండి విడివడి ఏర్పడినది. బాగేపల్లి, చింతామణి తాలూకాలు ఆంధ్రదేశపు టెల్లకు చేరువలోనివి. ఇచ్చట కచేరీభాష కన్నడమైనను ఎన్నో ఇండ్లలోను పొలములలోను వినవచ్చునది తెలుగు. కైవార తాతయ్య తెలుగున తత్త్వములు పాడినది ఈ చింతామణి సీమయందే. ఇట్టి ద్విభాషా ప్రాంతమున కోళ్ళకు సంబంధించిన మాటలే ఒక చిన్న చరిత్రగ్రంథము. మన కోడి కన్నడమున కోళి. మన పాలు హాలైనట్లు, పులి హులియైనట్లు, మన పుంజు వారికి హుంజ. కాని గుడ్లపై కూర్చుండు పనికి రెండు భాషలును రెండు దారులు త్రొక్కినవి. మనవారు పొదుగుట యందురు. పొదుగుట యనగా కప్పుట, ఆవరించుట; బంగారమున రత్నమును ఇముడ్చుటకును ఆ మాటయే. కన్నడిగులు దానిని కావు అందురు, కావనగా వేడిమి. ఒకరు కౌగిలిని పేర్కొనిరి, మరియొకరు ఆ కౌగిలిలోని వెచ్చదనమును పేర్కొనిరి. యంత్రము వచ్చిన తరువాత ఈ రెంటి భేదము ఎంత ముఖ్యమైనదో ముందు చూడగలము.

మా బడిలో పొదుగు అను పదమున కర్థ మడిగినచో పిల్లలలో పెక్కుమంది ఆవుపొదుగును మాత్రమే చెప్పుదురు. ఇంట కోళ్ళున్న పిల్లలే రెండవ అర్థమును గూడ చెప్పుదురు. పని ఉన్నచోటనే మాట నిలుచునని దీనివలన తెలియుచున్నది.

కోడి మూలపురుషుడు ఎఱ్ఱ అడవికోడి. ఆగ్నేయాసియాలో వరి మొదలగు ధాన్యముల సేద్యము వ్యాపించినపుడు, గింజల కాశపడి అది మనుష్యుల చెంతకు చేరెనని 2022లో వెలువడిన పరిశోధనలు సూచించుచున్నవి. మన దక్షిణాపథపు అడవులలో నుండు బూడిదరంగు అడవికోడికి గూడ ఈ వంశవృక్షమున ఒక కొమ్మ కలదు. పెంపుడుకోళ్ళ పసుపుపచ్చని కాళ్ళకు, చర్మమునకు కారణమైన జన్యువు దానినుండియే వచ్చెనని 2008లో శాస్త్రజ్ఞులు నిరూపించిరి. లోకమంతట పచ్చకాళ్ళ కోడి ఎచ్చట నున్నను అందు మన అడవుల అంశ ఒకటి కలదన్నమాట.

మన సాహిత్యమున పుంజునకు గౌరవము లభించినది. పల్నాటి వీరుల కథలో కోడిపందెమే రాజ్యముల తలవ్రాతను మార్చినది. క్రీడాభిరామమున ఓరుగంటి కోడిపోరు వర్ణితమైనది. గుడ్లపై ఇరువదియొక్క దినములు కదలక కూర్చుండు పెట్టకు మాత్రము అట్టి ప్రబంధగౌరవము దక్కలేదు. పోరునకు చూపరులుందురు, పొదుగునకు చీకటిమూల కావలెను. అందుచేత పెట్ట చరిత్రను కావ్యములలో గాక వంటింటి వెనుక వెదుకవలసియున్నది.

నాటుపెట్ట ఒక విడతకు పండ్రెండు మొదలు పదునైదు గుడ్లవరకు పెట్టి, పొదుగునకు వచ్చును. అపుడది మేత తగ్గించి, ఈకలు నిక్కించి, గుఱ్ఱుమని ధ్వని చేయుచు గూడు విడువదు. మెదడు అడుగుననున్న పిట్యూటరీ గ్రంథి స్రవించు ప్రొలాక్టిన్ అను ద్రవ్యమే ఈ స్థితికి కారణమని నేటి శాస్త్రము చెప్పుచున్నది. ఇల్లాండ్ర కా శాస్త్రము తెలియకున్నను ఆ లక్షణములు బాగుగా తెలియును. గంపలో ఇసుకయో, బూడిదయో, వరిగడ్డియో పరచి, పేలు పట్టకుండ వేపాకు వేసి, పది పండ్రెండు గుడ్లు అమర్చి, సందెవేళ పెట్టను కూర్చుండబెట్టుదురు. ఉరుములకు గుడ్లు చెడునను నమ్మకముతో కొంద రొక ఇనుపముక్కనో బొగ్గునో గంపలో వేయుదురు. ఏడవ దినమునకు పైబడి దీపపు వెలుతురున గుడ్డు నెత్తి చూచి, ఎఱ్ఱని నరములు కనబడనివానిని తీసివేయుదురు. తీయక విడిచిన చెడ్డగుడ్డు మురిగి పగిలి తక్కినవానిని గూడ చెఱచును.

పెట్ట చేయు పని వేడి నిచ్చుటతో ముగియదు. అది దినమునకు అనేకమారులు గుడ్లను ముక్కుతో దొర్లించును. దొర్లింపనిచో పిండము పెంకులోపలి పొరకు అంటుకొని చచ్చును. చివరి దినములలో గుడ్డులోని పిల్ల కిచకిచలాడగా తల్లి బదులు పలుకును. పిల్లలు పుట్టిన పిమ్మట ఏది తినదగినదో చూపుట, గద్దనీడ పడగానే కేకవేసి రెక్కలక్రింద దాచుకొనుట దాని విద్యలే. ఇల్లాలు నూకలు, రాగులు చల్లును. చెదపట్టిన కట్టెను తెచ్చి పిల్లలముందు విదిలించును. బాతుగుడ్లను గూడ కోడిక్రిందనే ఇరువదియెనిమిది దినములు పొదిగించుట మనవా రెరిగిన ఉపాయము.

అయితే ఈ పద్ధతికి ఖరీదు కలదు. పొదిగి, పిల్లలను సాకు సుమారు మూడునెలలు పెట్ట గుడ్డు పెట్టదు. అందుచేతనే నాటుకోడి ఏటికి ఏబది అరువది గుడ్లకు మించి పెట్టుట అరుదు. గుడ్లే కావలసిన ఇండ్లలో పొదుగు మానుటకై పెట్టను నీట ముంచుట, ముక్కున ఈక గ్రుచ్చుట వంటి మొరటు వైద్యములు కూడ ఉండెను. పొదుగు అవసరమైనపు డది వరము, కానపు డది విఘ్నము. యంత్రమునకు తావిచ్చినది ఈ చిక్కే.

కోడి లేకుండ గుడ్లను పొదిగించుట క్రొత్త యూహ కాదు. ఈజిప్టులో మట్టియిటుకల పొయ్యిగదులలో వేలకొలది గుడ్లను పొదిగించువారు రెండువేల ఏండ్లకు పూర్వమే కలరు. వేడిమానము లేని ఆ దినములలో పనివాండ్రు గుడ్డును కనురెప్పకు తాకించి వేడి నిర్ణయించెడివారు. ఫ్రాన్సు దేశపు రోమ్యూరు పండితుడు ఎరువు పులియునపుడు పుట్టు వేడితో గుడ్లు పొదిగించి, ఆ విధానమును గూర్చి 1749లో గ్రంథము ప్రకటించెను. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు పెటలూమా పట్టణమున లైమన్ బైస్ 1879లో వ్యాపారమునకు పనికివచ్చు ఇంక్యుబేటరును నిర్మించెను. నేటి యంత్రమున 37.5 డిగ్రీల సెల్సియసు వేడియుండును. తేమ మొదటి పదునెనిమిది దినములు ఏబదియైదు పాళ్ళకు అటునిటుగాను, చివరి మూడుదినములు అరువదియైదు పాళ్ళకు పైగాను ఉండును. గుడ్లు వాటంతట అవే వ్రాలుచుండును. క్రొత్తగా పుట్టిన పిల్ల కడుపున మిగిలిన పచ్చసొన రెండు దినములు దానికి ఆహారమగును. అందుచేతనే పిల్లలను అట్టపెట్టెలలో దూరదేశములకు పంపుట సాధ్యమైనది.

మన దేశమున ఈ మార్పునకు ముందు ఒక రోగకథ కలదు. కొక్కెర తెగులని పల్లెలలో పేరుపొందిన ప్రాణాంతకవ్యాధిని 1928లో హిమాలయప్రాంతమునందలి రాణీఖేతులో గుర్తించిరి. ఆ యూరి పేరే దానికి స్థిరపడినది. 1940 దశకమున ముక్తేశ్వరమునందలి పశువైద్య పరిశోధనశాలలో దీనికి టీకా సిద్ధమైనది. ఒక్క వారములో పెరడంతయు ఖాళీయగు భయము తగ్గినగాని కోళ్ళపై ఎవరును సొమ్ము పెట్టజాలరు గదా! రెండవ పంచవర్షప్రణాళికలో కేంద్రప్రభుత్వము దేశమున అయిదు ప్రాంతీయ కోళ్ళ క్షేత్రములను స్థాపించినది. వానిలో నొకటి బెంగుళూరునకు లభించినది. హెసరఘట్టయందలి కేంద్ర కోళ్ళ అభివృద్ధి సంస్థ నేటికిని ఆ పరంపరను నిలుపుచున్నది. మేలుజాతి కోళ్ళు, ఇంక్యుబేటర్లు, శిక్షణ అను మూడును ఈ విధముగ మన సీమకు ఒకపూట ప్రయాణదూరమునకు వచ్చినవి.

తరువాతి ఘట్టము హెబ్బాళమునకు చెందినది. అచ్చటి పశువైద్యకళాశాల శాస్త్రజ్ఞులు 1980 దశకము చివర పెరటికి తగిన గిరిరాజ కోడిని రూపొందించిరి. 2005లో స్వర్ణధార వెలువడినది. హైదరాబాదునందలి కోళ్ళ పరిశోధనసంస్థ వనరాజను, గ్రామప్రియను అందించినది. రంగురంగుల ఈకలు, త్వరిత వృద్ధి, ఏటికి నూటికి మించిన గుడ్లు వీని గుణములు. నాటుపెట్టతో పోల్చిన రెట్టింపు ఫలము. పేదయింటి పిల్లల కంచములోనికి గుడ్డు చేర్చుటలో ఈ జాతులు చేసిన మేలును తక్కువ చేసి చెప్పుట న్యాయము కాదు.

కాని ఈ వరమునకు ఒక నియమము కలదు. అధికముగ గుడ్లు పెట్టుటకై ఎన్నికచేసిన ఈ పెట్టలలో పొదుగు బుద్ధి దాదాపు నశించినది. మరియు ఇవి సంకరజాతులు గనుక వాని గుడ్లను పొదిగించినను పిల్లలయందు తల్లిదండ్రుల గుణములు నిలువవు. ఇల్లాలు ప్రతి తరమునకును పిల్లలకై మరల యంత్రశాల ముంగిటికి పోవలసినదే. పూర్వము ఇరుగుపొరుగులు పెట్టను పాలుకిచ్చి, పిల్లలను పంచుకొనుచుండిరి. పైసా లేని ఆడుది సైతము పొరుగింటి పెట్టతో తన మంద నారంభింపగలిగెడిది. కొనితెచ్చిన పిల్లలతో ఆ సౌకర్యము లేదు.

సంతతి అంతయు ఒకేచోట నుండుటవలని యపాయమును 2012 అక్టోబరు మాసము చూపినది. హెసరఘట్ట క్షేత్రమున టర్కీకోళ్ళలో హెచ్5ఎన్1 పక్షిజ్వరము బయల్పడగా, వ్యాధి వ్యాపింపకుండ అచ్చటి పక్షులను వేలకొలది వధింపవలసివచ్చినది. ఏండ్ల తరబడి కూర్చిన మూలసంతతి కొలది దినములలో మట్టిపాలైనది. పెరళ్ళు మాత్రము సురక్షితములని దీనివలన అనుకొనరాదు. 2025 ఆరంభమున మన చిక్కబళ్ళాపుర తాలూకా వరదహళ్ళి గ్రామపు కోళ్ళలోనే ఆ వ్యాధి కనబడినది. చచ్చిన కోడిని దాచిపెట్టుట, అమ్మివేయుట ఊరికే చేటు. వెంటనే పశువైద్యునకు తెలుపుట గృహస్థుని ధర్మము. అయినను వేయి పెరళ్ళలో చెదరియున్న సంతతి ఒక్కమారుగా నశింపదు. ఒకే కప్పుక్రింద నున్నది నశింపవచ్చును. విత్తనమున కెట్టి న్యాయమో కోడికి నట్టి న్యాయమే.

ఈ సందర్భమున ఘాగస్ అను నాటుజాతిని స్మరింపవలెను. జాతీయ పశుజన్యువనరుల సంస్థ దీనికి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రాష్ట్రములు రెంటిని జన్మస్థానములుగా గుర్తించినది. కోలారు ప్రాంతము, దాని నానుకొనియున్న ఆంధ్రసీమ దీని నెలవులు. సంచారజాతులవారు దీనిని పెంచి కాపాడిరి. రాష్ట్రపు సరిహద్దు గీత మన భాషను రెండుగా చీల్చలేనట్లే ఈ కోడిని గూడ చీల్చలేదు. హైదరాబాదు పరిశోధనసంస్థలో దీనిపై పరిశీలనలు జరిగినవి. కాని ఏ జాతియు పరిశోధనశాలలో మాత్రమే బ్రతుకజాలదు. పొదుగు పెట్టలున్న పెరళ్ళు దానికి కావలెను.

కనుక యంత్రమును త్రోసివేయుటయు వలదు, పెట్టను మరచుటయు వలదు. రెంటికిని పొత్తు కుదుర్చుట మన చేతిలోనిదే. ఏబది నూరు గుడ్లు పట్టు చిన్న ఇంక్యుబేటర్లు నేడు పల్లెలకును అందుబాటులో ఉన్నవి. పది ఇండ్లవారు కలిసి ఒకటి ఉంచుకొని, మేలైన నాటుపెట్టల గుడ్లను అందులో పొదిగింపవచ్చును. యంత్రమున పుట్టిన పిల్లలను, రెండు వారములకు పైగా గుడ్లపై కూర్చున్న పెట్టక్రింద రాత్రివేళ చేర్చినచో అది తెల్లవారునప్పటికి తన పిల్లలుగానే స్వీకరించుట కలదు. అట్లయిన దీపపు వేడితో సాకు శ్రమ తప్పును. పిల్లలకు గద్దభయము నేర్పు గురువు దొరకును. విద్యుత్తు నిలిచిన రాత్రి పొదుగునకు వచ్చిన పెట్ట యొకటి ఇంటనున్న, గుడ్లలో కొన్నియైన దక్కును. పుంజును ఏటేట పొరుగూరి పుంజుతో మార్చుకొనుట, వేళకు టీకా వేయించుట మరువరాదు. చింతామణి తాలూకా కురుబూరునందలి కృషివిజ్ఞానకేంద్రము వంటి సంస్థల సలహా పొందుటకు మన స్త్రీలు సంకోచింపరాదు.

కావు, పొదుగు అను రెండుమాటల భేద మిచ్చట అక్షరాల నిజమైనది. యంత్రము కావు నిచ్చినది. అందులకు మనము కృతజ్ఞులము. పొదుగు ఇంకను పెట్టయొద్దనే ఉన్నది. ఈ విద్య నెరిగిన వృద్ధస్త్రీలు మన పల్లెలలో నేటికిని కలరు. గంప అమర్చుటమొదలు పిల్లలను గంపక్రింద కమ్ముటవరకు వారు చేయు పనులను, పలుకు మాటలను మన సంఘసభ్యులు తమ తమ యూళ్ళలో వ్రాసియుంచుట మొదటి పని. ప్రతి ఊర పొదుగు బుద్ధిగల నాటుపెట్టలు కొన్నియైన మిగులునట్లు చూచుట రెండవది. ఈ రెండవది జరుగనినాడు మొదటిది నిఘంటువునకు మాత్రమే ఉపకరించును.