యువధిక్కారము: జపాను నుండి తెలుగునాటి వరకు

ద్వితీయ ప్రపంచయుద్ధమున ఓడిన జపానులో పెద్దల నీతివాక్యములపై విశ్వాసము కోల్పోయి పెరిగిన యువతరము, 1955లో షింతారో ఇషిహారా వ్రాసిన 'తైయో నో కిసెత్సు' ('సూర్యుని ఋతువు') నవలికలో తన రూపము చూచుకొనెను. మరుసటి యేడే అది చలనచిత్రమయ్యెను. ఆ యువకులకు 'సూర్యతెగ' యను పేరు స్థిరపడెను. 1960 నాటికి చలనచిత్ర దర్శకుడు నగిసా ఓషిమా ఆ ధిక్కారమును సముద్రతీర విలాసములనుండి రాజకీయ వీథులలోనికి నడిపించెను.

తెలుగునాట ఈ ధిక్కారము భోగమునుండి గాక లేమినుండి జనించినది. 1940లలో గోపీచందు నవలానాయకుడు సీతారామారావు, బుచ్చిబాబు నవలానాయకుడు దయానిధి లోకముపై అలిగి తమలోనికే ముడుచుకొనిరి. ఆ అంతర్ముఖ వేదన బహిర్గర్జనమైనది 1965లో. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అను ఆరుగురు తల్లిదండ్రులు పెట్టిన పేర్లను సైతము విడిచి, దిగంబర కవులై, తమ తొలి సంపుటిని హైదరాబాదులో నడిరేయి ఒక రిక్షా కార్మికునిచేత ఆవిష్కరింపజేసిరి. రాజులకు, జమీందారులకు కృతులంకితమిచ్చిన జాతిలో ఆ చేతికి పుస్తకమందించుటయే ఒక కావ్యము. 1970లో విప్లవ రచయితల సంఘ మేర్పడగా వీరిలో నలుగురు అందు చేరిరి.

కథాసాహిత్యమున 1969లో వెలువడిన నవీన్ నవల 'అంపశయ్య', ఉస్మానియా విద్యార్థియగు రవి యొక్క ఒక్క దినమును చైతన్యస్రవంతి పద్ధతిలో చిత్రించి, పేదపల్లెనుండి వచ్చిన యువకుని అవమానమును, ఆకలిని, కామమును దాచక చెప్పెను. వెండితెరపై 1981లో బాలచందర్ 'ఆకలిరాజ్యము' పట్టభద్రుని నిరుద్యోగమును చూపి, చదివిన చేతికి క్షురకవృత్తి నిచ్చి, శ్రమకు గౌరవము కూర్చెను. 1989లో రాంగోపాల్ వర్మ 'శివ'లో నాయకుడు సైకిలు గొలుసును తెంపి ఆయుధముగా పట్టిన క్షణమున ప్రేక్షకులు ఉప్పొంగిరి. కాని అచట పిడికిలి బలిసినంతగా ప్రశ్న బలియలేదు.

ధిక్కారమునకు విలువ కేకవలన గాక, అది ఎవరి బాధను తనదిగా చేసికొనెనో దానివలన నేర్పడును. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాసపురపు రైల్వే కాలనీలలో, బండ్ల మ్రోతల నడుమ హిందీలో చదువుకొని ఇంట తెలుగు మాటలాడు మన యువకులు 'శివ'ను చూచియే యుందురు. పెద్దలారా, వారి చేతికి 'అంపశయ్య'ను కూడ అందింపుడు.