నాడి

పోచంపాడ్, ఆర్మూర్ వైపు ‘నాడి పట్టి చూసిండు’ అంటే వైద్యం మొదలైనట్టే. ఎన్నికలప్పుడైతే పట్టేది జనం నాడి! సంస్కృతంలో నాడి అంటే గొట్టం, బోలుగా ఉండే కాడ. ఆయుర్వేద ఆచార్యుడు శార్ఙ్గధరుడు చేతికి తగిలే నాడి నడకను పాము, కప్ప, హంసలతో పోల్చాడు. ఇదే మాట నరానికీ వచ్చింది: నాడీ మండలం.

కొట్టుకునే నాడి, నరం అనే ఈ రెండర్థాలూ గుండె దగ్గర కలుస్తాయి. ఆరోగ్యమైన గుండె గడియారంలా కొట్టుకోదు. వేగస్ నరం వల్ల ఊపిరి పీలిస్తే కాస్త వేగం, వదిలితే నెమ్మది. గుండె రక్తనాళాల (కరోనరీ) జబ్బులో ఈ తేడా తరచూ తగ్గుతుంది. గుండెపోటు వచ్చిన 808 మందిని గమనించిన పరిశోధకుడు క్లైగర్ బృందం 1987లో, గుండె దెబ్బల మధ్య వ్యవధిలో తేడా (ప్రామాణిక విచలనం) 50 మిల్లీసెకన్లలోపు ఉన్నవారికి మరణ ముప్పు, 100 దాటినవారికన్నా 5.3 రెట్లని తేల్చింది. అంత సన్నని లెక్క వేలికి అందదు. 24 గంటల ఈసీజీ కావాలి. నాడి మధ్యమధ్య ఆగినట్టు తోస్తే మాత్రం అది వేరే సంగతి, వెంటనే డాక్టరుకు చూపించండి.