వేరు చివరికి చేరే వెలుగు

కుర్చీ ఇంకా వెనక్కి వాలే ఉంది. ఎడమవైపు కింది పెదవి తిమ్మిరెక్కి లావుగా తోస్తోంది. పంటి చుట్టూ బిగించిన రబ్బరు తెర (డ్యామ్) తీయగానే మీ నాలుక దవడపన్నును తడుముతుంది. రూట్ కెనాల్ అయిపోయింది. లోపలి నరం తీశారు, సన్నటి ఫైళ్లతో కాలువలు శుభ్రం చేశారు, హైపోక్లోరైట్ ద్రావణంతో కడిగి గట్టా పెర్చా అనే పదార్థంతో నింపారు.

“నరమే తీసేశాక ఇక నొప్పి ఉండదు కదా డాక్టరు గారూ?” మాట ముద్దముద్దగా వస్తుంది.

“పంటి లోపల ఉండదండీ. వేరు చుట్టూ ఎముక, పంటిని దానికి పట్టి ఉంచే పొర బతికే ఉన్నాయిగా. మనం చేసిన పనికి అవి వాస్తాయి. ఒకటి రెండు రోజులు సలపొచ్చు. దానికే ఈ లేజర్.”

అసిస్టెంటమ్మాయి మీకు ముదురు కళ్లద్దాలు పెడుతుంది. వాళ్లిద్దరూ పెట్టుకుంటారు. పెన్నులాంటి పరికరం కొన వేరు చివర ఉండే చోట చిగురుకు ఆనుతుంది. బీప్. కాలుతుందేమోనని మీ చేతులు కుర్చీని బిగించి పట్టుకుంటాయి. వేడి లేదు, కోత లేదు. చిగురు మీది ఎర్రచుక్క గురి కోసమే. పనిచేసే 808 నానోమీటర్ల కిరణం కంటికి ఆనదు.

“1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే వైద్యుడు,” డాక్టరు చేయి కదపకుండానే చెబుతారు, “ఎలుకల వెంట్రుకలు గొరిగి బలహీనమైన రూబీ లేజర్ వేశాడు. అక్కడ వెంట్రుకలు త్వరగా మొలిచాయి. తర్వాత గాయాల మీదా ప్రయత్నించాడు.”

చిగురులో, ఎముకలో చాలా వెలుగు చెదిరిపోతుంది. మిగిలిన కాస్తా కణాల్లోని మైటోకాండ్రియాకు చేరుతుంది. అక్కడ సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ చురుకై, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ పెరుగుతుందనీ, వాపు రేపే రసాయనాలు తగ్గుతాయనీ పరిశోధకుల వివరణ. తొలిరోజుల నొప్పి తగ్గినట్టు పలు అధ్యయనాలు చూపాయి. అయితే కిరణం రకం, మోతాదు ఒక్కోదానిలో ఒక్కో తీరు. అందుకే ఇది అదనపు సాయమే తప్ప మందుకు బదులు కాదు.

“అల్సరు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఏవీ లేవు కదండీ?” అని అడిగాకే డాక్టరు చీటీలో ఇబుప్రొఫెన్ రాస్తారు.

“యాంటీబయాటిక్ రాయలేదేం?”

“వాపూ జ్వరం లేనప్పుడు ఈ నొప్పికి అది పనిచేయదండీ.”

ఈ రాత్రి పన్ను సలిపితే వైద్యం చెడిందని బెంబేలెత్తకండి. క్యాపు వేసేదాకా ఆ వైపు గట్టివి నమలకండి. ముఖం వాచినా, జ్వరం వచ్చినా, నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా మందుల షాపుకు కాదు, తిరిగి డాక్టరు దగ్గరికే వెళ్లండి.