బారామహల్ కొండదారులు

బెంగళూరు నుంచి కృష్ణగిరికి పోయే బస్సు హోసూరు దాటాక నేల మెల్లగా దిగడం మొదలవుతుంది. హోసూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంటే, యాభై కిలోమీటర్ల దూరంలోని కృష్ణగిరి దాదాపు 500 మీటర్లు మాత్రమే. మైసూరు పీఠభూమి తమిళ మైదానంలోకి మెట్లుమెట్లుగా దిగే చోటు ఇది. ఆ దిగుడు పొడవునా మట్టి తక్కువ, రాయి ఎక్కువ ఉన్న కొండలు ఒక్కొక్కటే విడిగా నిలబడి ఉంటాయి. సూళగిరి కొండను చూడని ప్రయాణికుడు ఉండడు. ఎక్కినవాళ్లు మాత్రం తక్కువ.

అయినా కొండలెక్కడం ఇక్కడ చాలా పాత పని. కృష్ణగిరి జిల్లాలోని మల్లచంద్రం దగ్గర కొండ మీద నిలువు రాళ్లు పాతి, పైన బండ పరిచి కట్టిన పాతకాలపు రాతి సమాధులు గుంపులు గుంపులుగా ఉన్నాయి. తెలుగు పల్లెల్లో ఇలాంటివాటిని రాకాసి గుళ్లంటారు. తమవాళ్లను పూడ్చడానికి కింద చదును నేల ఉండగా అంత బరువైన బండల్ని కొండ మీదనే నిలబెట్టారంటే, వాళ్లకు ఆ ఎత్తు మీద మనసు ఉండి ఉండాలి. ఇదే జిల్లాలోని మయిలాడుంపారై తవ్వకాల్లో దొరికిన ఇనుము క్రీస్తుపూర్వం 2172 నాటిదని 2022లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. ఈ రాళ్ల మధ్య మనిషి నాలుగు వేల ఏళ్లకు పైగా తిరుగుతున్నాడన్నమాట.

తర్వాత కోటలొచ్చాయి. ఈ సీమకు బారామహల్ అని పేరు రావడానికి కారణం పన్నెండు కోటలేనంటారు. విజయనగర రాజుల తరఫున పెనుగొండను కాపాడిన జగదేవరాయనికి ఈ ప్రాంతం జాగీరుగా దక్కింది. తర్వాత అతని వంశం మైసూరు సీమలోని చన్నపట్టణ నుంచి పాలించింది. వాళ్లది తెలుగు బణజిగ కుటుంబమని మైసూరు గెజెటీరు చెబుతుంది. ఆయనకు పన్నెండుమంది కొడుకులని, కొడుక్కొక కోట ఇచ్చాడని జనం కథ. కొడుకుల లెక్క ఎలా ఉన్నా కోటలు మాత్రం నిజం. జగదేవి, మహారాజగడ, తట్టకల్లు, కృష్ణగిరి... ఏది చూసినా పద్ధతి ఒక్కటే. కింద పేట, దాని చుట్టూ దిగువ కోట, మధ్యలో నిట్టనిలువు బండ, పైన వాననీరు నిలిచే దొనలు. నీళ్లు పైనుంటే ముట్టడికి భయం లేదు. ఇవాళ ఈ కొండలెక్కేవాడు ఆగి దమ్ము తీసుకునే మలుపులు చాలామటుకు ఆనాటి కావలివాళ్లు నిలబడ్డ చోట్లే.

1786 ఆగస్టులో ఆల్ప్స్ పర్వతాల్లో ఇద్దరు మనుషులు మొదటిసారి మాంట్ బ్లాంక్ శిఖరం చేరారు. ఐరోపాలో సరదాగా కొండలెక్కే అలవాటుకు అది పునాది అంటారు. దాదాపు ఐదేళ్ల తర్వాత, 1791 జూలైలో, ఈస్టిండియా కుంపిణీ సేన రాయకోట కొండ ఎక్కింది. అక్కడ ఎక్కింది సరదాకు కాదు. టిప్పు సుల్తానుతో జరిగిన మూడో మైసూరు యుద్ధంలో మేజర్ గౌడీ దళం దిగువ కోటను పట్టుకుంది. కార్న్‌వాలిస్ పెద్ద సేన దగ్గరికి రావడం చూసి పై కోట లొంగిపోయింది.

కృష్ణగిరిలో అలా జరగలేదు. నవంబరు 7 రాత్రి కర్నల్ మాక్స్‌వెల్ మనుషులు నిచ్చెనలు వేసి దిగువ కోటలోకి దిగారు. అదే ఊపులో పై కోట తలుపు దాకా పరుగెత్తారు. పైనుంచి టిప్పు సైనికులు బండరాళ్లు దొర్లించారు. నిచ్చెనలు విరిగాయి, మనుషులు నలిగారు, చివరికి పేటకు నిప్పుపెట్టి వెనక్కి పోవాల్సి వచ్చింది. ఆ యుద్ధంలో కృష్ణగిరి పై కోటను కుంపిణీ సేన ఎక్కి గెలవలేదు. 1792లో శ్రీరంగపట్టణం సంధి కాగితం మీదే అది చేతులు మారింది. ఇవాళ సయ్యద్ బాషా కొండ అని పిలిచే ఆ బండ ఎక్కేటప్పుడు అరచేతులతో రాయిని తడుముకుంటూ పోవాల్సిన చోట్లుంటాయి. చీకట్లో, తుపాకీ మోసుకుంటూ, నెత్తిన రాళ్లు పడుతుండగా అక్కడిదాకా వచ్చినవాళ్ల గురించి, పైన నిలబడి ఊరిని కాపాడినవాళ్ల గురించి ఆ చోట తలచుకోకుండా ఉండడం కష్టం.

ఆ సంధి జరిగిన ఏడాదే ఈ దారిన ఇద్దరు చిత్రకారులు వచ్చారు. థామస్ డేనియల్, అతని అన్న కొడుకు విలియం. మద్రాసు నుంచి బయల్దేరి, సేనలు నడిచిన దారినే పట్టుకుని, బారామహల్ కోటల్ని చూస్తూ, గీస్తూ హోసూరు మీదుగా మైసూరు సీమలోకి పోయారు. తర్వాత లండన్‌లో వెలువడిన వాళ్ల ‘ఓరియంటల్ సీనరీ’ సంపుటాల్లో రాయకోట ఉంది, వీరభద్రదుర్గం ఉంది, జగదేవి, వరణగడ కోటలున్నాయి, హోసూరూ ఉంది. ఆ బొమ్మల్లో కోట చిన్నది, కొండ పెద్దది. సిపాయిలు బురుజుల్ని లెక్కపెట్టిన చోట వీళ్లు వెలుతురునీ, బండ ఒంపునీ చూశారు. ఈ కొండల్ని కేవలం చూడడానికే వచ్చి, చూసినదాన్ని కాగితం మీద పెట్టినవాళ్లలో తొలివరుసలో నిలబడేవాళ్లు వీళ్లే.

అదే కాలంలో బారామహల్ పాలన చూస్తున్న కెప్టెన్ రీడ్ కింద పనిచేయడానికి ఒక సైనికాధికారి ధర్మపురి వచ్చాడు. థామస్ మన్రో. 1792 నుంచి 1799 దాకా పల్లె పల్లె తిరిగి, డేరాల్లో ఉంటూ, రైతులతో మాట్లాడి భూమి శిస్తు లెక్కలు రాశాడు. రైత్వారీ పద్ధతికి మొదటి పాఠాలు నేర్చుకున్నది ఈ సీమలోనే. ఆ తర్వాత కెనరాకు బదిలీ చేస్తే, బారామహల్‌ను వదిలినందుకు బాధపడుతూ ఇంటికి ఉత్తరాలు రాశాడు. రాయలసీమలో కొడుకులకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేంతగా జనం తలచుకున్న ఆ మనిషికి, ఊళ్లు తిరిగి జనాన్ని తెలుసుకునే అలవాటు బలపడింది ఇక్కడే.

1799 మార్చిలో జనరల్ హారిస్ సేన రాయకోట దగ్గర సరిహద్దు దాటి శ్రీరంగపట్టణం మీదికి పోయింది. ఆ ఏడాది టిప్పు చనిపోవడంతో ఈ కోటలకు పని పోయింది. రాయకోట ఊరు పెన్షన్ పుచ్చుకునే సైనికులు ఇష్టపడి ఉండే చోటైంది. ఫిరంగులు దిగిపోయాక, మెట్లు మేకలకూ వాటిని కాసేవాళ్లకూ మిగిలాయి.

భక్తులు మాత్రం ఎన్నడూ ఎక్కడం మానలేదు. హోసూరులో మరకతాంబ సమేత చంద్రచూడేశ్వరుడు కొండ మీదే ఉన్నాడు. కృష్ణగిరి కొండ మీద దర్గా ఉంది. తేరు పండగ రోజుల్లో తెలుగు, తమిళ, కన్నడ భాషల జనం హోసూరు కొండకు చేరతారు. పైకి చేరాక దర్శనం ముగించుకుని వెంటనే దిగిపోయేవాళ్లు తక్కువ. గోడ నీడన కూర్చుంటారు, తమ ఊరు ఎటుందో పిల్లలకు చూపిస్తారు, గాలికి కొంగులు సర్దుకుంటూ కబుర్లు చెప్పుకుంటారు. కొండ నడక ఆనందం దొరల వల్ల మనకొచ్చిందని చెప్పేవాళ్లు ఈ మెట్ల మీద ఒక పూట కూర్చుంటే చాలు. మొక్కు పేరుతో మనవాళ్లు తరతరాలుగా అనుభవిస్తున్నది ఆ ఆనందమే.

డెంకణికోట అవతల కథ వేరు. అక్కడ ఒంటరి బండలు పోయి మేలగిరి వరుసలు మొదలవుతాయి. అంచెట్టి, జవళగిరి, బెట్టముగిలాళం, వీటన్నిటి మీద గుత్తిరాయన్ శిఖరం, దాదాపు 1,400 మీటర్లు. ఈ అడవికి దొరికిన గొప్ప పాదచారి కెన్నెత్ ఆండర్సన్. 1910లో పుట్టి 1974లో పోయిన ఈ బెంగళూరు మనిషి మనుషుల్ని తినే పులుల వేటగాడిగా పేరు తెచ్చుకున్నాడు. 1954లో వచ్చిన అతని మొదటి పుస్తకంలోనే జవళగిరి పులి, గుమ్మళాపురం చిరుత ఉన్నాయి. కానీ అతని పుటల్లో తుపాకీ పేలేది కాసేపే. మిగతాదంతా వెన్నెల్లో నడక, వాగు ఇసుకలో అడుగుజాడలు, దూరాన అరిచే కణుజు. అడవిని చదవడం అతను నేర్చుకున్నది బైర అనే పూజారి తెగ మనిషి దగ్గర. ఆ సంగతిని అతను దాచుకోలేదు. గురువుగా బైర పేరు నిలిచేలా రాశాడు. తర్వాత తర్వాత తుపాకీ కంటే కెమెరా మీద మక్కువ పెంచుకున్నాడు. ఈ కొండల్లో నడక మీద రాసినవాళ్లలో అతనంత ప్రేమగా రాసినవాళ్లు లేరు.

2014లో మేలగిరి అడవుల్లో చాలా భాగం కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యమైంది. రాగి పంట చేతికొచ్చే నెలల్లో ఏనుగులు ఆ వరుసలు దిగి హోసూరు చుట్టుపక్కల చేలల్లోకి వస్తాయి. అడవికి ఆ రక్షణ ఉంది, ఊళ్ల పక్కనున్న ఒంటరి కొండలన్నిటికీ లేదు. ఈ జిల్లా గ్రానైటుకు పేరు పొందింది. పారడైసో అనే రకం రాయి దూరదేశాల వంటగదుల్లో బల్లలవుతోంది. పునాది దాకా కోసేసిన కొండను మళ్లీ ఎవరూ ఎక్కలేరు. పిల్లలు ఎక్కని కొండ పోతే అడిగేవాళ్లు ఉండరు. అందుకే ఈ ప్రాంతపు తెలుగువాళ్లు తమ ఊరి కొండను ఏడాదికొక్కసారైనా ఇంటిల్లిపాదీ ఎక్కాలి.

మొదలుపెట్టడానికి రాయకోట మంచిది. బెంగళూరు–సేలం రైలు మార్గంలో స్టేషనుంది, హోసూరు నుంచి బస్సులున్నాయి, కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. సంక్రాంతి ముందూ వెనుకా, ఎండ ఎక్కకముందే బయల్దేరండి. నీళ్లు వెంట తీసుకుపోండి, గోడల మీద పేర్లు చెక్కకండి, చెక్కేవాళ్లను ఆపండి. మేలగిరిలోకి మాత్రం అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టవద్దు.