రొమ్ములు లేని బొమ్మ

మా చిన్నమ్మ 2018 ఎండాకాలంలో, దేవరకొండ దగ్గర ఒక పెళ్లి పందిట్లో, బంతిలో వడ్డిస్తూ వడ్డిస్తూ కూలిపోయింది. చుట్టూ నూరు మందికి పైగా ఉన్నాం. ముఖాన నీళ్లు చల్లారు, ఉల్లిగడ్డ వాసన చూపించారు, అరికాళ్లు రుద్దారు. పట్నంలో ఫ్యాక్టరీ పని చేసే పిల్లగాడొకడు అక్కడే ఉన్నాడు. గుండె ఆగితే ఏం చెయ్యాలో వాడికి పనిచోట నేర్పారు. పరుగున వచ్చి మోకాళ్ల మీద కూచున్నాడు. ఆమె ఛాతీ చూసి చేతులు వెనక్కి తీసుకున్నాడు. “ఆడోళ్లు ఎవరన్నా రాండ్రి” అని అరిచాడు. ఆడవాళ్లం వచ్చాం. మాకెవరికీ ఏం చెయ్యాలో తెలియదు.

తెలిసిన చేతులు ముట్టుకోలేకపోయాయి. ముట్టుకోగలిగిన చేతులకు తెలియదు. 108 వచ్చేసరికి అంతా అయిపోయింది.

అప్పటికి నా పీహెచ్‌డీ పూర్తయి ఏడాది. స్త్రీల ఆత్మకథల్లో శరీరం గురించి నాలుగు వందల పేజీలు రాశాను. ఆ పందిట్లో అవేవీ నాకు అక్కరకు రాలేదు. ఆ సిగ్గే నన్ను హైదరాబాదులో ముందు ప్రాథమిక ప్రాణరక్షణ కోర్సుకూ, తర్వాత శిక్షకుల కోర్సుకూ తీసుకెళ్లింది. సాహిత్యం చదివినదాన్ని కదా, నేర్చుకుంటూనే దాని చరిత్ర కూడా వెతకడం మొదలుపెట్టాను.

1732లో స్కాట్లండ్‌లో విలియం టొసాక్ అనే సర్జన్, ఊపిరాగిన గని కార్మికుడికి నోటితో ఊపిరూది బతికించాడని వైద్యచరిత్ర చెబుతుంది. కానీ పుట్టీ పుట్టగానే ఏడవని బిడ్డ నోట్లో ఊపిరూదడం మంత్రసానులకు అంతకుముందు నుంచే తెలుసు. ఆ పని మంత్రసానులది కావడం వల్లే కొందరు వైద్యులు దాన్ని మొరటు పద్ధతిగా చూశారు. మన ఊళ్లలో మంత్రసానులు చాలాచోట్ల దళిత స్త్రీలే, మరికొన్నిచోట్ల మంగలి, చాకలి స్త్రీలు. కాన్పు దాకా ఆ చేతులు కావాలి. కాన్పయ్యాక అవే చేతులు గడప దాటి లోపలికి రాకూడదు! ముట్టుకోవడం మన దగ్గర ఎన్నడూ వట్టి ముట్టుకోవడం కాదు.

ఛాతీని బయటి నుంచి నొక్కి రక్తాన్ని ఆడించే పద్ధతిని 1960లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ ప్రకటించారు. దానితో మొదట బతికినవాళ్లలో పిత్తాశయం ఆపరేషన్ కోసం వచ్చిన ఒక స్త్రీ కూడా ఉంది. ఆమె పేరు ఎవరూ చెప్పుకోరు. డాక్టర్ల పేర్లే మిగిలాయి.

అదే ఏడాది నార్వేలో బొమ్మల తయారీదారు ఆస్మండ్ లార్డాల్ శిక్షణ కోసం ఒక బొమ్మను తెచ్చాడు. దాని పేరు ఆన్. 19వ శతాబ్దం చివర్లో పారిస్‌లోని సేన్ నదిలో దొరికిందని చెప్పుకునే ఒక అనామక యువతి ముఖపు అచ్చే ఆ బొమ్మ ముఖం. ఆమె కథలో ఎంత నిజమో గానీ ముఖం మాత్రం ప్రపంచమంతా తిరిగింది. ముఖం స్త్రీది, ఛాతీ చదును. ఆ అలవాటు ఇంకా పోలేదు. 2023లో అమ్మకానికి ఉన్న 20 రకాల పెద్దవాళ్ల బొమ్మల్ని ఆస్ట్రేలియా పరిశోధకులు పరిశీలిస్తే, రొమ్ములున్నది ఒక్కటే. 2017లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, బహిరంగ ప్రదేశాల్లో గుండె ఆగిన మగవాళ్లలో 45 శాతానికి పక్కనున్నవాళ్లు సీపీఆర్ చేస్తే, స్త్రీలలో 39 శాతానికే చేశారు. అంటే మా పందిట్లో జరిగింది మా వెనకబాటుతనం ఒక్కటే కాదు.

2023 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టాక ఊళ్లలో ఆ మాట వినపడసాగింది. నేను నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పొదుపు సంఘాల స్త్రీలకూ, ఆశాలకూ, కాలేజీ పిల్లలకూ క్లాసులు చెబుతున్నాను. రెండో క్లాసు నుంచే బొమ్మకు పాత జాకెట్ తొడిగి, లోపల గుడ్డలు కుక్కి, చీర చుట్టడం మొదలుపెట్టాను. మొదట అందరూ నవ్వుతారు. మగపిల్లలు కిటికీ వైపు చూస్తారు. ఆ నవ్వు అయిపోయేదాకా ఆగుతాను. పాఠం అక్కడే మొదలవుతుంది.

భుజం తట్టి పిలవాలి. పలకకపోతే, ఊపిరి లేకపోతే, లేదా ఎగశ్వాసలాగా ఉంటే 108కి ఫోన్ చేయించాలి. ఛాతీ నడుమ అరచేతి మడమ ఆనించి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా నొక్కాలి. లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 6 దాటకూడదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. మామూలు మనుషులు నొక్కడం ఒక్కటే చేసినా చాలని భారత మత్తువైద్యుల సంఘం 2017లో సూచించింది. అయితే సాగర్ కాలువల్లో మునిగినవాళ్లకూ, పసిపిల్లలకూ ఊపిరి కూడా ఊదాలి. అది విడిగా నేర్పుతాను.

నాగర్‌కర్నూల్ దగ్గర ఒకామె అడిగింది, “పుస్తెలతాడు అడ్డమొస్తది గదా, తియ్యాల్నా?” తియ్యక్కర్లేదు, పక్కకు జరిపితే చాలన్నాను. ఇంకో అవ్వ అన్నది, “మొగోడు ముట్టుకుంటె ఊరు ఏమంటది బిడ్డా?” నేను జవాబు చెప్పేలోపే పక్కనున్న కోడలు అందుకుంది. “సచ్చినంక మోసేది మొగోళ్లే గదా అత్తమ్మా, బతికున్నప్పుడు ముడితే ఏమైతది?” ఆ తర్వాత ఏ క్లాసులోనూ నేను అంతకంటే మంచి జవాబు చెప్పలేకపోయాను.

మర్రిగూడ వైపు ఒకామెకు ఫ్లోరైడు వల్ల మోకాళ్లు వంగవు. కింద కూచోలేనని వెళ్లిపోబోయింది. ఆపి, లెక్కపెట్టే పని ఇచ్చాను. బతుకమ్మ ఆటలో చప్పట్ల లాగా మొదలుపెట్టి, నేను చెప్పినకొద్దీ వేగం పెంచింది. మిగతావాళ్లు ఆమె చప్పట్లకే నొక్కారు. ఊళ్లో నిజంగా అవసరం పడితే, నొక్కేవాళ్లు అలిసిపోయి చేతులు మారేటప్పుడు అలాంటి గొంతు ఒకటి ఉండాలి.

కిందటేడు దేవరకొండ క్లాసుకు ఆ పిల్లగాడు వచ్చాడు. ఇప్పుడతనికి ఒక కూతురు. చీర కట్టిన బొమ్మ ముందు కూచుని కాసేపు చేతులు ఒళ్లోనే పెట్టుకున్నాడు. తర్వాత ముప్పై దాకా లెక్కపెట్టి నొక్కాడు. బయటికొచ్చాక అడిగాడు, “ఆ రోజు నేను చేస్తే చిన్నమ్మ బతికేదా అక్కా?”

అబద్ధం చెప్పలేదు. ఆస్పత్రి బయట గుండె ఆగినవాళ్లలో, ఎంత చేసినా, చాలామంది బతకరు. “తెల్వదు తమ్మీ” అన్నాను. “చేసి చూసేవాళ్లం.”

అతను తలూపి లోపలికి వెళ్లి మళ్లీ వరుసలో నిలబడ్డాడు.