నిశ్శబ్దం నేర్చిన హోరు

జో లాలీ బేస్ గిటారు మీద ఒక చిన్న వరస మొదలుపెడతాడు. జమైకా రెగే పాటల్లో వినిపించే నడక అది, బరువుగా, తొణకకుండా సాగుతుంది. డ్రమ్స్ వచ్చి చేరతాయి, గిటారు చేరుతుంది, పాట ఊపందుకుంటుంది. ఇంకా అర నిమిషం కూడా కాలేదు, ఉన్నట్టుండి అందరూ ఒక్కసారిగా ఆగిపోతారు. ఏ చప్పుడూ ఉండదు. మొదటిసారి వింటున్నవాళ్లు పాట తెగిపోయిందేమో అనుకుంటారు. రెండు మూడు క్షణాలు గడిచాక మళ్లీ అదే వరస అందుకుంటారు, ఈసారి మాటలతో.

ఆ పాట పేరు 'వెయిటింగ్ రూమ్'. 1988లో వచ్చిన ఫుగాజీ బ్యాండు తొలి రికార్డులో మొదటి పాట. ఫుగాజీది అమెరికా రాజధాని వాషింగ్టన్ డీసీ. పోస్ట్-హార్డ్‌కోర్ అనే సంగీతం ఎలా ఉంటుందో ఒక్క చోట చూపించమంటే నేను ఆ రెండు మూడు క్షణాల ఖాళీనే చూపిస్తాను. ఎందుకంటే దానికి ముందున్న హార్డ్‌కోర్‌కు ఆగడం తెలియదు.

1970ల చివర్లో న్యూయార్క్, లండన్ నగరాల పంక్ సంగీతాన్ని విన్న అమెరికన్ కుర్రాళ్లు దాన్ని ఇంకా వేగంగా, ఇంకా కురచగా, ఇంకా కోపంగా మార్చి వాయించారు. అదే హార్డ్‌కోర్. పాట నిమిషమో నిమిషంన్నరో ఉంటుంది, ఊపిరి తీసుకునే సందు ఉండదు. లాస్ ఏంజెలెస్‌తో పాటు దానికి గట్టి పునాది పడిన ఊరు డీసీ.

అక్కడి కథ ఒక రేడియో స్టేషన్ మూతతో మొదలవుతుంది. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు నడిపే డబ్ల్యూజీటీబీ స్టేషన్‌ను భరించలేక యాజమాన్యం దాన్ని 1 డాలరుకు మరో విశ్వవిద్యాలయానికి ఇచ్చేసింది. 1979 ఫిబ్రవరిలో ఆ స్టేషన్ కోసం అదే ప్రాంగణంలో ద క్రాంప్స్ బ్యాండు కచేరీ చేసింది. కిక్కిరిసిన ఆ హాల్లో 16 ఏళ్ల ఇయాన్ మెకై ఉన్నాడు. అతని తండ్రి వాషింగ్టన్ పోస్ట్ విలేఖరి. అప్పటిదాకా రాక్ వాయించడమంటే ఎక్కడో పెద్ద స్టేడియంలలో పెద్దవాళ్లు చేసే పనని నమ్మిన ఆ కుర్రాడికి, ఇది తామూ చేయగలిగిన పనేనని ఆ రాత్రి తోచింది. అదే ఏడాది స్నేహితుడు హెన్రీ గార్‌ఫీల్డ్‌తో (తర్వాత హెన్రీ రోలిన్స్‌గా పేరు పొందినవాడు) వెళ్లి బ్యాడ్ బ్రెయిన్స్‌ను చూశాడు.

ఈ బ్యాడ్ బ్రెయిన్స్ దగ్గర కాస్త నిలబడాలి. నలుగురు నల్లజాతి యువకులు. జాజ్ ఫ్యూజన్ వాయించి చేయి తిరిగినవాళ్లు పంక్‌లోకి వచ్చారు. అంతటి వేగం, అంతటి పట్టు అంతకుముందు ఎవరికీ లేవు. ఆ వేగం మధ్యలో హఠాత్తుగా రెగే పాడేవాళ్లు. ఒకే కచేరీలో పిడుగూ వాళ్లదే, పిడుగు తర్వాతి వానా వాళ్లదే. డీసీ తెల్ల కుర్రాళ్లు మొదట అందుకున్నది పిడుగునే. వానను అందుకోవడానికి ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది.

మెకై తొలి చెప్పుకోదగ్గ బ్యాండు టీన్ ఐడిల్స్ ఏడాదే నడిచింది. విడిపోయేటప్పుడు కచేరీల మీద కూడబెట్టిన కొద్దిపాటి డబ్బును పంచుకోకుండా దానితో ఒక రికార్డు వేద్దామనుకున్నారు. 1980 డిసెంబరులో డిస్కార్డ్ రికార్డ్స్ అనే సంస్థ అలా పుట్టింది. వేసినవి 1000 ప్రతులు. అట్ట ఎలా చేయాలో తెలియక, ఇంగ్లండు నుంచి వచ్చిన రికార్డు అట్ట ఒకటి ఊడదీసి, దాని ప్రకారం కత్తిరించి, ఇంట్లో కూర్చుని చేత్తో మడిచి జిగురు అంటించారు. ఆ పని చేసిన మెకై, టీన్ ఐడిల్స్‌లో అతని జతగాడు జెఫ్ నెల్సన్ ఆ వెంటనే మైనర్ థ్రెట్ అనే బ్యాండు కట్టారు. 1981లో వచ్చిన వాళ్ల మొదటి రికార్డులో 8 పాటలు, మొత్తం కలిపి 10 నిమిషాలు లేవు. అందులో 'స్ట్రెయిట్ ఎడ్జ్' అన్న పాట, తాను తాగనని, మత్తుమందులు ముట్టనని ఒక కుర్రాడు చెప్పుకున్న మాట. వినేవాళ్లు దాన్ని ఉద్యమంగా మార్చేశారు. దానికి నాయకత్వం వహించే ఉద్దేశం మాత్రం మెకైకి ఎప్పుడూ లేదు.

1983 సెప్టెంబరులో మైనర్ థ్రెట్ చివరి కచేరీ జరిగింది. ఆ రాత్రి అదే వేదిక మీద ట్రబుల్ ఫంక్ కూడా వాయించింది. అది గో-గో బ్యాండు. గో-గో అంటే డీసీ నల్లవారి సొంత సంగీతం, చక్ బ్రౌన్ చేతుల మీద 1970లలో రూపు దిద్దుకుంది. పాటకూ పాటకూ మధ్య వాయిద్యాలు ఆగవు. కాంగా డ్రమ్ములు లయను మోస్తూనే ఉంటాయి, గాయకుడు ఒక మాట అంటే జనం తిరిగి అంటారు. మన భజన గోష్ఠిలో ముందుపాటగాడు అందించగానే వెనక గుంపు అందుకోవడం తెలిసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. పంక్‌కూ గో-గోకూ మధ్య చర్మం రంగు గీసిన గీత ఒకటి ఉంది. ఆ గీత దాటి రెండింటినీ ఒకే టికెట్టు మీద వినిపించడం ఆ నగరంలో చిన్న విషయం కాదు.

ఆ తర్వాత హార్డ్‌కోర్ చెడింది. కచేరీలకు పాట కోసం కాక కొట్లాటకు వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. వేదిక ముందు ఒకరినొకరు గుద్దుకునే ఆట నిజమైన దెబ్బలుగా మారింది. అమ్మాయిలు వెనక గోడకు చేరారు, కొందరు రావడమే మానేశారు. ఇది చూసి ఆ పాత స్నేహితుల్లో మొదట కదిలింది ఎమీ పికరింగ్. ఆమె ఎవరి పేరూ లేని చీటీలు స్నేహితులకు పోస్టులో పంపింది. 1985 వేసవికి 'రివల్యూషన్ సమ్మర్' అని పేరు పెట్టుకున్నారు. కొత్త బ్యాండులు కట్టాలి, పాత మొరటుతనాన్ని వదిలించుకోవాలి, అంతే సంగతి. అదే ఏడాది మార్క్ ఆండర్సన్ మొదలుపెట్టిన పాజిటివ్ ఫోర్స్ బృందం నిరసనలకూ సహాయ కచేరీలకూ వీళ్లను కలుపుకుంది.

ఆ వేసవి బ్యాండుల్లో అందరికంటే లోతుగా తగిలింది రైట్స్ ఆఫ్ స్ప్రింగ్. గాయకుడు గీ పిచియోటో, డ్రమ్మర్ బ్రెండన్ కాంటీ. కోపం స్థానంలో దుఃఖాన్ని, పశ్చాత్తాపాన్ని పెట్టి పాడారు. వేదిక మీద గిటార్లు విరగ్గొట్టుకునేవారు, వింటున్నవాళ్లు కన్నీళ్లు పెట్టుకునేవారు. ఇవాళ 'ఇమో' అని పిలిచే సంగీతానికి మూలం వెతికేవాళ్లు అక్కడికే వెళతారు. ఆ పేరు మాత్రం వాళ్లకు ఏనాడూ గిట్టలేదు. రెండేళ్లు కాకముందే ఆ బ్యాండు చెదిరిపోయింది. మెకై కొత్త బ్యాండు ఎంబ్రేస్ కూడా అంతే.

ఇక్కడ మెకై తొందరపడలేదు, అదే అసలు మలుపు. బ్యాండు కావాలని వెతకలేదు, వాయించాలనుకున్నాడు. బీఫీటర్ బ్యాండుకు సామాను మోసే జో లాలీతో 1986లో సాధన మొదలుపెట్టాడు. తర్వాత కాంటీ చేరాడు. ఫుగాజీ అలా మొదలైంది. నెలల తరబడి ఒక నేలమాళిగలో ఊరికే వాయించుకున్నారు. తన మనసులో ఉన్నది స్టూజెస్ అనే రాక్ బ్యాండును రెగేతో కలిపినట్టుండే సంగీతమని మెకై అనేవాడు. లాలీకి రెగే, డబ్ రికార్డులంటే ప్రాణం. డబ్ అంటే జమైకా స్టూడియోల్లో పుట్టిన కళ. ఉన్న పాటలోంచి గొంతును, గిటారును తీసేసి, బేస్‌నూ డ్రమ్స్‌నూ మిగిల్చి, ఖాళీని వినిపించే కళ. హార్డ్‌కోర్‌లో బేస్ గిటారు వెనక్కి అణిగి ఉండేది. ఫుగాజీలో పాటను అదే నడుపుతుంది, గిటారు దాని చుట్టూ కరుస్తూ తిరుగుతుంది. బ్యాడ్ బ్రెయిన్స్ కురిపించిన వాన ఇంకింది ఇక్కడే. దానితో పాటు గో-గో నేర్పిన లయ ఉంది, ఇంగ్లండుకు చెందిన గ్యాంగ్ ఆఫ్ ఫోర్ తరహా ముక్కలుముక్కలైన గిటారు పదును ఉంది.

1987 సెప్టెంబరు 3న డీసీలోని విల్సన్ సెంటర్‌లో తొలి కచేరీ. పేరును మార్క్ బేకర్ రాసిన 'నామ్' అన్న పుస్తకంలోంచి తీసుకున్నారు, వియత్నాం యుద్ధానికి వెళ్లొచ్చిన సైనికుల మాటలు కూర్చిన పుస్తకం అది. ఫుగాజీ అంటే అన్నీ తలకిందులై, తప్పించుకునే దారి లేని స్థితికి సైనికులు వాడిన మొరటు మాట.

పిచియోటో మొదట్లో కచేరీలకు వచ్చి పక్కన నిలబడి పాట అందుకునేవాడు. హిప్‌హాప్ బృందాల్లో ప్రధాన గాయకుడి మాటకు ఎదురు మాట వేసే రెండో గొంతు ఉంటుంది కదా, ఆ పాత్ర అతన్ని ఆకర్షించింది. చేతిలో గిటారు లేదు కాబట్టి ఒళ్లంతా వాయిద్యం చేసుకున్నాడు. 1988లో ఫిలడెల్ఫియాలోని ఒక జిమ్‌లో బాస్కెట్‌బాల్ రింగులోంచి తలకిందులుగా వేలాడుతూ పాడిన దృశ్యం జెమ్ కోహెన్ తీసిన 'ఇన్‌స్ట్రుమెంట్' చిత్రంలో ఉంది. అతను గిటారు కూడా పట్టుకున్నాక, 1990లో 'రిపీటర్' ఆల్బమ్ వచ్చింది. రెండు గిటార్లు రెండు దారుల్లో మాట్లాడుకోవడం అక్కడ స్థిరపడింది. మత్తుమందుల ముఠాల కాల్పులతో డీసీ దేశానికే హత్యల రాజధాని అనిపించుకున్న రోజులవి. టైటిల్ పాట గిటారు కీచులో ఆ వీధుల భయం ఉంది.

తొలి రికార్డులోని 'సజెషన్' గురించి కూడా చెప్పాలి. వీధిలో నడిచే ఆడమనిషి మీద పడే చూపుల గురించి, పక్కన నిలబడి ఊరుకునే మిగతావాళ్ల గురించి ఆమె గొంతుతోనే రాసిన పాట. మెకై పాడతాడు, కొన్నిసార్లు పికరింగ్ వేదికెక్కి పాడింది. నిదానంగా నడిచే బేస్ మీద ఒక్కొక్క మాటా విడిగా నిలబడుతుంది. పాత వేగంలో ఈ మాటలు వినపడేవి కావు.

వాళ్లు డబ్బు విషయంలో పెట్టుకున్న నియమాలు చాలామందికి పాటలకంటే బాగా తెలుసు. టికెట్టు సాధారణంగా 5 డాలర్లు. ఏ వయసువాళ్లయినా రావచ్చు. అమెరికాలో 21 ఏళ్లు నిండితేనే మద్యం అమ్ముతారు కాబట్టి బార్లలో కచేరీ అంటే పిల్లలకు తలుపు మూసినట్టే. అందుకే చర్చి హాళ్లు, బడుల జిమ్‌లు, స్కేటింగ్ రింకులు వెతుక్కున్నారు. బ్యాండు పేరుతో టీషర్టులు అమ్మలేదు. మద్యం, సిగరెట్ల ప్రకటనలు వేసే పత్రికలకు ఇంటర్వ్యూలు ఇవ్వలేదు. రికార్డు పోస్టులో తెప్పించుకుంటే ఎంతవుతుందో అట్ట మీదే అచ్చు వేశారు, దుకాణాలు ఎక్కువ గుంజకుండా. డిస్కార్డ్‌లో బ్యాండులతో కాగితం మీద ఒప్పందాలే ఉండవు, మాటే ఒప్పందం.

వీటిని సన్యాసుల నిష్ఠగా చెప్పుకుంటారు. నాకలా తోచదు. సంగీతంలో ఏం తీసేస్తే ఏది వినపడుతుందో తెలిసినవాళ్లు, కచేరీలోనూ అదే చేశారు. బారు తీసేశారు, టీషర్టు బల్ల తీసేశారు, మిగిలింది పాటా మనుషులూ.

కొట్లాటలనూ అలాగే ఆపారు. ఎవరైనా పక్కవాళ్లను కొడుతుంటే మెకై పాట మధ్యలో ఆపేసేవాడు. వాయిద్యాలన్నీ ఆగేవి. ఆ నిశ్శబ్దంలో, కొట్టేవాడిని 'సార్' అని పిలిచి మర్యాదగా మానుకోమనేవాడు. వినకపోతే 5 డాలర్ల నోటు పెట్టిన కవరు చేతికిచ్చి బయటికి పంపేవారు, అలాంటి కవర్లు ముందే సిద్ధం చేసుకునేవారు. ఏ పాట తర్వాత ఏ పాటో రాసుకున్న చీటీ కూడా వేదిక మీద ఉండేది కాదు. ఒకరి వేళ్లు ఒకరు గమనించుకుంటూ వెళ్లేవారు. ఎప్పుడైనా ఆపగలవాడికే ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

1991 జనవరి 12న, గల్ఫ్ యుద్ధం మొదలవడానికి అయిదు రోజుల ముందు, వైట్‌హౌస్ ఎదుట లఫాయెట్ పార్కులో చలిలో యుద్ధానికి వ్యతిరేకంగా వాయించారు. అంతకు ముందు డిసెంబరులో లార్టన్ జైలులో ఖైదీలకు వినిపించారు. డీసీలో వాళ్ల కచేరీలు దాదాపు అన్నీ ఉచితమో, ఏదో ఒక సంస్థకు సహాయమో.

నిర్వాణా బ్యాండు 1991లో ప్రపంచాన్ని ఊపేశాక పెద్ద రికార్డు కంపెనీలు పంక్ బ్యాండుల కోసం ఎగబడ్డాయి. ఫుగాజీ కదలలేదు. 1993లో వచ్చిన 'ఇన్ ఆన్ ద కిల్ టేకర్'ను మొదట షికాగోలో రికార్డింగ్ ఇంజనీరు స్టీవ్ అల్బినీ దగ్గర రికార్డు చేశారు, తృప్తి కలగక పక్కన పెట్టి సొంత ఊరి దగ్గర ఇన్నర్ ఇయర్ స్టూడియోలో మళ్లీ చేశారు. ప్రచారం లేకుండానే ఆ ఆల్బమ్ బిల్‌బోర్డ్ 200 జాబితాకెక్కింది. ఇన్నర్ ఇయర్ అంటే వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో డాన్ జియెంటారా తన ఇంటి నేలమాళిగలో మొదలుపెట్టిన స్టూడియో. ఆర్లింగ్టన్‌లోనే డిస్కార్డ్ ఇల్లూ ఉంది. ఉత్తర వర్జీనియాలో ఇప్పుడు వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. ఈ చరిత్ర వాళ్ల ఇళ్ల నుంచి కారులో వెళ్లి చూసేంత దూరంలోనే జరిగింది. ఇన్నర్ ఇయర్ తర్వాత మారిన భవనం 2021లో మూతపడింది.

'రెడ్ మెడిసిన్' (1995), 'ఎండ్ హిట్స్' (1998) దాటి 2001లో వచ్చిన 'ద ఆర్గ్యుమెంట్' నా దృష్టిలో వాళ్ల అత్యుత్తమ పని. చెల్లో ఉంది, రెండో డ్రమ్మర్ ఉన్నాడు, గుసగుసలున్నాయి. హోరు ఎప్పుడు వస్తుందో తెలియకపోవడమే దాని బలం. అప్పటికే పిల్లలు, ఇళ్లు, పెద్దవాళ్ల అనారోగ్యాలు. 2002 నవంబరు 4న లండన్‌లోని ఫోరమ్‌లో వాయించి ఆగారు. వీడ్కోలు యాత్ర లేదు, విడిపోయామన్న ప్రకటనా లేదు. స్వీడన్‌లో రిఫ్యూజ్డ్, టెక్సస్‌లో ఎట్ ద డ్రైవ్-ఇన్ లాంటివాళ్లు ఈ దారిని పట్టుకుని నడిచారు. మెకై, లాలీ కలిసి కొరికీలో, లాలీ, కాంటీ కలిసి మెస్‌థెటిక్స్‌లో ఇంకా వాయించారు. పిచియోటో ఇతరుల రికార్డులకు నిర్మాతగా పనిచేశాడు. నలుగురూ స్నేహితులుగానే ఉన్నారు, పాత పేరుతో మాత్రం వేదికెక్కలేదు.

వాళ్లు చేసిన 1000కి పైగా కచేరీల్లో 800కు పైగా రికార్డయి ఉన్నాయి. 2011 నుంచి వాటిని ఇంటర్నెట్లో ఒక్కొక్కటిగా పెట్టారు. ధరను కొనేవాళ్ల ఇష్టానికే వదిలారు, వాళ్లు సూచించింది 5 డాలర్లు. శ్రుతి తప్పినవీ, తీగ తెగినవీ, జనంతో వాదనలూ ఏదీ కత్తిరించలేదు. వాటిలో 'వెయిటింగ్ రూమ్' వచ్చినప్పుడల్లా నేను ఒక్క చోటు కోసమే ఎదురుచూస్తాను. స్టూడియో రికార్డులో అక్కడ ఏమీ వినపడదు. ఈ టేపుల్లో మాత్రం బ్యాండు ఆగిన ఆ రెండు మూడు క్షణాల్లో జనం వినపడతారు. ఒక ఊళ్లో అరుపు, ఒక ఊళ్లో ఈల, ఒక ఊళ్లో హాలంతా కలిసి పీల్చుకున్న ఊపిరి. తర్వాత లాలీ మళ్లీ అందుకుంటాడు.